చంటిది తుళ్ళిపడిన రోజు

మా ఇంట్లో పిల్లల్లేరు. ఒక్క చంటిది ఉండేది గానీ, అది ఉండేది ఆకాశంలో. దాని వయసు కొన్ని వేల ఏళ్ళు.

"వేల ఏళ్ళున్నదాన్ని చంటిదంటార్రా? మరి నన్ను డెబ్బైకే ముసలిదాన్ని చేసి మూల కూర్చోబెట్టారేం?" అని మా అత్తగారు మొదటిరోజే నిలదీశారు.

"వాటి లెక్క వేరమ్మా. అవి కోట్ల ఏళ్ళు బతుకుతాయి" అన్నాడు మా మరిది.

"అయితే ఇంకా పాలు మానలేదన్నమాట."

"మానలేదు."

"సరే, ఏడిస్తే చెప్పు" అని అత్తగారు దుప్పటి కప్పుకున్నారు.

మరిదీ, అతని భార్యా, అంటే నా తోడికోడలూ, ఊరవతల ఉన్న రేడియో టెలిస్కోపులో పనిచేసేవారు. టెలిస్కోపంటే రాత్రుళ్ళు జాగారం చేసే వ్యవహారమని నేననుకునేదాన్ని. రేడియో తరంగాలకి పగలూ రాత్రీ తేడా లేదట. ఇద్దరూ బ్యాంకు గుమాస్తాల్లా పొద్దున్నే క్యారేజీలు పట్టుకుని వెళ్ళి సాయంత్రానికి ఇల్లు చేరేవారు. ఆ క్యారేజీలు కట్టేది నేనే కాబట్టి ఖగోళశాస్త్రానికి నా వంతు సేవ కూడా కొంత ఉందని మా ఆయన దగ్గర అప్పుడప్పుడూ గుర్తుచేసేదాన్ని.

నక్షత్రాల్ని వెతకడం ఆవిడ పని. యంత్రాల్నీ, వాటి గడియారాల్నీ సరిగ్గా ఉంచడం అతని పని. వాళ్ళ భోజనాల దగ్గరి మాటలు విని విని నాకు అర్థమైనదిది. పెద్ద నక్షత్రం ఒకటి పేలి చచ్చిపోతే దాని నడిబొడ్డున గట్టి ముద్ద ఒకటి మిగులుతుంది. అది గిర్రున తిరుగుతూ చుట్టుకొక్కసారి మన వైపు రేడియో దెబ్బ ఒకటి విసురుతుంది. దాన్ని పల్సారంటారు. ఆ జాతిలోనే అయస్కాంతబలం మితిమీరినది మాగ్నెటార్. అది ఉన్నట్టుండి భగ్గుమంటుంది, ఆ తర్వాత నెలల తరబడి మూతి ముడుచుకుని కూర్చుంటుంది. వీళ్ళు కాపలా కాసే మాగ్నెటారుకి మా మరిది 'గయ్యాళి' అని పేరు పెట్టాడు. పెట్టేటప్పుడు మా ఇద్దరి వైపూ చూడకుండా జాగ్రత్తపడ్డాడు.

పెద్ద నక్షత్రాలు గుంపుగా పుడతాయట, ఇంచుమించు ఒకే కాలంలో పోతాయట. అంచేత గయ్యాళి ఉన్నచోట చుట్టుపక్కల గాలిస్తే ఈమధ్యే పోయిన ఇంకొకటి దొరకవచ్చునని వీళ్ళ ఆశ.

"అంటే ఒకింట్లో చావు జరిగిందని తెలిస్తే పక్కింటి తలుపు కూడా తట్టి చూడడమన్నమాట" అన్నాను.

"చెప్పడం నీకే వదిలేస్తా వదినా. కానీ అంతే" అన్నాడు మరిది.

అలా తట్టగా తట్టగా దొరికిందే చంటిది.

దొరకడంతో అయిపోలేదు. అసలు చాకిరీ అక్కడే మొదలు. వారం వారం దాన్ని చూడాలి. దాని దెబ్బ ఏ క్షణాన తగిలిందో పట్టుకోవాలి. పోయిన వారానికీ ఈ వారానికీ మధ్య అది ఎన్ని చుట్లు తిరిగిందో ఒక్కటి కూడా పొల్లుపోకుండా తేల్చాలి. లెక్క సరిగ్గా నిలిచిందా, వచ్చే నెల ఫలానా క్షణాన దెబ్బ తగులుతుందని ముందే చెప్పేయవచ్చు. తగిలిన రోజున భార్యాభర్తలిద్దరూ పదో తరగతి పాసైన పిల్లల్లా ఇంటికొచ్చేవారు. అతను గడియారం పెట్టేవాడు, ఆవిడ చుట్లు లెక్కపెట్టేది. అంతకు మించిన సంసారం వాళ్ళకి అక్కర్లేదేమో అనిపించేది నాకు.

వానాకాలంలో ఒకరోజు టెలిస్కోపు దగ్గర పాత రికార్డింగు యంత్రాన్ని తీసేసి కొత్తది పెట్టారు. మరిది పొద్దుటినుంచి దాంతోనే కుస్తీ పట్టి, పని ముగించుకుని, భార్యకింకా పనుందంటే ఒక్కడే బండి మీద బయల్దేరాడు. వంతెన మలుపులో లారీ. అంతే. రాయడానికి ఇంతకన్నా లేదు.

వచ్చినవాళ్ళు వెళ్ళిపోయాక ఇల్లు బావురుమంది. అత్తగారు గోడవైపు తిరిగి పడుకున్నారు. పిలిస్తే పలికేవారు, పెడితే మాత్రం తినేవారు కాదు. "ఆకల్లేదే పెద్దమ్మాయ్, నువ్వు తినెయ్" అనేవారు, అదేదో నాకు వరమిస్తున్నట్టు. డాక్టరు వచ్చి చూసి జబ్బేమీ లేదన్నాడు. "జబ్బు లేకుండా ఇలా ఎన్నాళ్ళుంటారండీ?" అని మా ఆయన అడిగితే, జబ్బుంటేనే ఎక్కువ కాలం ఉండేవారని చెప్పి ఆ డాక్టరు వెళ్ళిపోయాడు. తెలివైనవాడే. మళ్ళీ పిలవలేదు.

తోడికోడలు నెలన్నర ఇంట్లోనే ఉంది. ఏడుస్తుందేమోనని నేను కాచుక్కూర్చున్నాను, ఏడవలేదు. బీరువాలో బట్టలన్నీ తీసి మళ్ళీ మడత పెట్టేది. అన్నీ అయ్యాక మళ్ళీ తీసేది. చివరికి నేనే "ఇక పనికి పో. మడతలు అరిగిపోతున్నాయి" అన్నాను. వెళ్ళింది.

వెళ్ళిన కొన్నాళ్ళకి, ఒక మధ్యాహ్నం నేను బంగాళాదుంపల చెక్కు తీస్తుంటే తొందరగా ఇంటికొచ్చేసి వంటింటి గుమ్మంలో నిలబడింది. మొహంలో రంగు లేదు.

"అక్కా, చంటిది తుళ్ళిపడింది."

తర్వాత తెలిసింది, దానికి వాళ్ళ ఆఫీసులో అనే మాట 'గ్లిచ్'. వయసు తక్కువున్న పల్సార్లు ఎప్పుడైనా ఉన్నట్టుండి ఒక కుదుపు కుదిపి, అంతకుముందుకన్నా కాస్త వేగంగా తిరగడం మొదలుపెడతాయట. దాంతో దెబ్బలు చెప్పిన వేళకి తగలవు. మరిది పోయిన రోజుల్లో ఎవరూ చూడని ఆ నెలన్నరలో ఎక్కడో అలా జరిగింది, లెక్క కట్టిన చోటికీ దెబ్బ తగిలిన చోటికీ తేడా వచ్చింది. ఆవిడ 'గ్లిచ్' అని ఉంటే కథ అక్కడే ముగిసేది, ఆ ముక్క పక్కగదిలోని చెవులకి ఎక్కేది కాదు. కానీ మా ఇంట్లో మాగ్నెటార్ గయ్యాళి, పల్సార్ చంటిది. కాబట్టి గ్లిచ్ తుళ్ళిపడడమైంది.

పక్కగదిలో మంచం కిర్రుమంది. అత్తగారు గోడ పట్టుకుని నడుచుకుంటూ వచ్చారు.

"ఏమైందే దానికి?"

"తుళ్ళిపడింది అత్తయ్యా."

"ఎప్పుడు?"

తోడికోడలు తలుపు చెక్కని గోటితో గీకింది. "ఆ రోజుల్లోనే. కచ్చితంగా ఏ రోజో చెప్పలేం."

"నువ్వు చెప్పలేకపోతే నేను చెప్తాను" అన్నారు అత్తగారు. స్టూలు లాక్కుని కూర్చుని, "రోజూ పలకరించేవాడు రాకపోతే తుళ్ళిపడదూ? మనకున్నపాటి మనసు దానికుండదూ?" అన్నారు. నా చేతిలోని దుంప చూసి, "ఆ దుంపలేం చేస్తున్నావే?" అనడిగారు.

"వేపుడు."

"రెండు ముక్కలు నాకూ పెట్టు."

నేను చాకు కింద పెట్టేశాను. తోడికోడలు నా వైపు చూసింది. ఆ చూపులో అర్థమైంది, అత్తగారన్న మాటే ఆవిడా దారిపొడుగునా అనుకుంటూ వచ్చిందని. శాస్త్రజ్ఞురాలు కాబట్టి పైకి అనలేదు.

ఆ రోజునుంచి అత్తగారు మనిషిలో పడ్డారు. ఇస్త్రీవాడికి చెప్పారు. మందుల షాపు కుర్రాడికి చెప్పారు. ఎదురింటావిడకైతే రెండుసార్లు చెప్పారు, మొదటిసారి ఆవిడ కళ్ళు తుడుచుకోలేదని. "మావాడు పోయిన సంగతి ఆకాశంలో నక్షత్రానికి తెలిసింది, పక్కవీధిలో ఉన్న మీ చుట్టాలకి తెలియలేదు" అని ఆవిడకి చురక కూడా అంటించారు. చిన్నకోడలు గుమ్మంలో అడుగు పెట్టగానే "ఇవాళెలా ఉంది?" అని అడిగేవారు, బళ్ళోంచి వచ్చిన పిల్లని అడిగినట్టు. "బాగానే ఉందత్తయ్యా" అని జవాబు వింటేగానీ పళ్ళెం ముందుకి లాక్కునేవారు కాదు.

ఒక ఆదివారం వాళ్ళ హెడ్డుగారు పలకరించడానికి వచ్చారు. సన్నగా, ప్రతి మాటా రెండుసార్లు తూచి మాట్లాడే మనిషి. గయ్యాళి పొరుగున ఉన్న చంటిది తుళ్ళిపడిందంటే, దానికీ ఆ గయ్యాళి లక్షణాలు అంటుకుంటున్నాయేమోనని ఆయనకి ఉత్సాహంగా ఉంది. మర్నాడే ప్రపంచంలోని మిగతా టెలిస్కోపులన్నిటికీ కబురు పంపుదామనుకుంటున్నామన్నారు.

"పంపండి. మావాడి పేరు కూడా రాయండి" అన్నారు అత్తగారు.

"తప్పకుండానమ్మా." హెడ్డుగారు కాఫీ కప్పు పట్టుకుని, మాటవరసకి అన్నట్టు, తోడికోడలి వైపు తిరిగారు. "పెద్దాయన మాత్రం వేళకే ఉన్నాడుగా?"

పెద్దాయనంటే ఇంకో పల్సారు. ముసలిది, నిమ్మకు నీరెత్తినట్టు తిరిగేది, తుళ్ళిపడడమంటే తెలియనిది. చూడవలసినవి చూశాక చివర్న ఒకసారి దాన్ని కూడా చూసుకోవడం వాళ్ళ పద్ధతి. పెద్దాయన వేళకొస్తే మన గడియారం సరిగ్గా ఉన్నట్టు.

తోడికోడలు కాఫీ పళ్ళెం బల్ల మీద పెట్టింది. "చూడలేదండీ. ఆయన... ఆయన పెట్టిన టైమేగా అని..."

"అవునవును. అతను పెట్టాడంటే ఇంక చూడక్కర్లేదు" అన్నారు హెడ్డుగారు. అని, కప్పు కింద పెట్టేశారు. ఇద్దరూ ఒకర్నొకరు చూసుకున్నారు. ఆ తర్వాత ఆయన ఎక్కువసేపు కూర్చోలేదు. కబురు పంపడం ఒక వారం ఆపుదామని గుమ్మంలో చిన్నగా అన్నారు.

రెండు రోజుల తర్వాత నేను మేడమీద బట్టలారేస్తుంటే తోడికోడలు వచ్చి బకెట్టు పక్కన చతికిలబడింది.

"పెద్దాయన కూడా తుళ్ళిపడ్డాడక్కా."

"అయ్యో. ఆయనకేం వచ్చింది ఈ వయసులో?"

"ఏం రాలేదు. రెండు వేర్వేరు నక్షత్రాలు ఒకేసారి, సరిగ్గా ఒక్క సెకను మేర తుళ్ళిపడవు. తప్పు మన దగ్గరుంది."

చెప్పింది. కొత్త యంత్రం 'ఇప్పుడు' అని టైము రాసుకుంటుంది, కానీ తర్వాతి సెకను మొదలయ్యాకే రికార్డింగు మొదలుపెడుతుంది. ఆ ఒక్క సెకనూ కలపమని దానికి చెప్పాలి. మా మరిది చెప్పలేదు. చంటిది సెకనుకి మూడు చుట్లూ ఇంకో ముక్కా తిరుగుతుంది. నిండు చుట్ల ఆనవాలు మిగలదు, గడియారం ముల్లు ఎన్నిసార్లు తిరిగొచ్చినా అదే అంకె మీద నిలబడినట్టు. ఆ చివరి ముక్క ఒక్కటే బయటపడింది. దాన్ని చూసి అందరూ తుళ్ళిపడ్డదనుకున్నారు.

"అంటే అదసలు..."

"దానికేమీ కాలేదక్కా. దాని మానాన అది తిరుగుతోంది. ఆ రోజూ తిరిగింది, తర్వాతా తిరిగింది."

నేను తడిచీర ఒకటి దులిపి తీగ మీద వేశాను. ఏదో ఒకటి చేస్తూ ఉండకపోతే ఏమంటానో నాకే తెలియదు.

"ఒక్క సెకనేగా. మా ఆయన స్నానానికెళ్తూ 'ఇదిగో వచ్చేస్తున్నా' అంటే మనం గంట ఓపిక పడతాం" అన్నాను.

ఆవిడ నవ్వలేదు.

"సరే, ఆఫీసులో చెప్పు. చెప్పక తప్పదు. ఇంట్లో ఎందుకు చెప్పడం? ఆవిడకి గడియారాల సంగతి తెలియదు, యంత్రాల సంగతి తెలియదు. 'బాగానే ఉంది' అను, అంతే. అబద్ధం కూడా కాదు."

"రోజూ అడుగుతారక్కా."

"రోజూ చెప్పు. నీకు నోరు రాకపోతే నేను చెప్తా. నాకు అలవాటే, ఈ ఇంట్లో కూరలో ఉప్పు సరిపోయిందని ఎన్నేళ్ళుగా చెప్పడం లేదూ?"

తోడికోడలు బకెట్టు పిడిని అటూ ఇటూ తిప్పింది. "ఆయన పెట్టాడని నమ్మి నేను చూసుకోలేదు. వేరే ఎవరు పెట్టినా ఆ రోజే పెద్దాయన్ని చూసుండేదాన్ని. ఇప్పుడు నేను చెప్పానని నమ్మి అత్తయ్య..."

"తింటున్నారు" అన్నాను గట్టిగా. "అత్తయ్య తింటున్నారు. నువ్వది చూసుకో ముందు."

ఆవిడ కిందికి వెళ్ళిపోయింది.

తర్వాత నాలుగైదు రోజులు నా మాటే చెల్లింది. తోడికోడలు చెప్పులు విప్పేలోపే నేను గదిలోకి తల పెట్టి "చంటిది భేషుగ్గా ఉందట" అని కేకేసేదాన్ని. ఒకరోజు ఉత్సాహం ఆగక "ఇవాళ మళ్ళీ కాస్త కదిలిందట" అని కూడా కలిపాను. అబద్ధమాడితే అతికినట్టుండాలంటారు, నేను అతికి పైన రంగు కూడా వేశాను. దాని ఫలితం వెంటనే అనుభవించాను.

"నాకు వినిపించండే" అన్నారు అత్తగారు.

"ఏం వినిపించాలి?"

"అది దెబ్బలు కొడుతుందంటారుగా. మావాడు ఒకసారి కంప్యూటర్లో వినిపించాడు, తలుపు తట్టినట్టుండేది. ఆ రోజు ఎలా తట్టిందో వినాలి. తుళ్ళిపడ్డ చోటు. అంతకన్నా ఇంకేం అడగను."

అడిగింది నన్ను కాదు. నా భుజం మీదుగా, గుమ్మంలో నిలబడ్డ చిన్నకోడల్ని.

మర్నాడు సెలవు. మధ్యాహ్నం భోజనాలయ్యాక బల్ల తుడిచి, తోడికోడలు దాని మీద ల్యాప్‌టాప్ పెట్టింది. అత్తగారు ఉతికిన చీర కట్టుకుని వచ్చి కూర్చున్నారు. మా ఆయన వీధి తలుపేసి వచ్చి గోడకి ఆనుకుని నిలబడ్డారు. నేను తోడికోడలి వెనకగా వెళ్ళి "ఎక్కడో ఒకచోట ఇదిగో అను, చాలు" అని గొణిగాను. ఆవిడ వినిపించుకోనట్టే ఉంది.

అంత దూరం నుంచి వచ్చే దెబ్బలు మామూలుగా వినపడేంత గట్టివి కావట. వందల దెబ్బల్ని ఒకదాని మీద ఒకటి పేర్చితేగానీ గొంతు రాదు. అలా పేర్చినదాన్ని వినిపించింది. టక్ టక్ టక్, ఆయాసం లేకుండా, తొందర లేకుండా. అత్తగారు చెవి దగ్గరగా పెట్టారు. పెదవులు కదులుతున్నాయి, లెక్కపెడుతున్నారో, పలకరిస్తున్నారో.

"ఇది అంతకుముందుది" అంది తోడికోడలు. ఇంకొకటి నొక్కింది. టక్ టక్ టక్. "ఇది ఆ తర్వాతది."

"ఏదీ, ఎక్కడ తుళ్ళిపడింది?"

"తుళ్ళిపడలేదత్తయ్యా."

మా ఆయన గోడ మీంచి వీపు తీసి నిటారుగా నిలబడ్డారు.

"నేను పొరబడ్డాను. గడియారం ఒక సెకను తప్పుగా పెట్టి ఉంది. దాన్ని చూసి చంటిది తుళ్ళిపడిందనుకున్నాను."

"గడియారమా" అన్నారు అత్తగారు. "గడియారాలు పెట్టేది వాడు కదే."

"అవునత్తయ్యా."

"వాడు తప్పు పెట్టడు."

"ఆ రోజు పెట్టారు."

ల్యాప్‌టాప్‌లో టక్ టక్ మని కొడుతూనే ఉంది. దాన్నాపాలని ఎవరికీ తోచలేదు. చివరికి నేనే చేయి చాచి మూత వేశాను.

"పోయినవాడు వచ్చి కాదని చెప్పలేడనేగా" అన్నారు అత్తగారు. గొంతు పెంచలేదు. పెంచి ఉంటే బాగుండేది, నేనూ ఏదో ఒకటి అనుండేదాన్ని. లేచి, గోడ పట్టుకుని, గదిలోకి వెళ్ళి పడుకున్నారు.

ఆ రాత్రి తినలేదు. మర్నాడు కాఫీ తాగారు. ఆ తర్వాత తిన్నారు గానీ, తినడమంటే పళ్ళెంలో ఉన్నదాన్ని ఈ చివరినుంచి ఆ చివరికి జరపడం. చిన్నకోడలు వచ్చిన చప్పుడైతే కళ్ళు మూసుకునేవారు. 'ఇవాళెలా ఉంది' అన్న ప్రశ్న ఇంట్లోంచి వెళ్ళిపోయింది. ఇస్త్రీవాడు ఒకరోజు గుమ్మంలోంచి "నక్షత్రం ఎట్లా ఉందమ్మా?" అని అడిగాడు. "దానికేం రా, దానివాళ్ళెవరు పోయారు?" అన్నారు అత్తగారు. వాడు మూట అక్కడే దించేసి, బట్టలు లెక్కపెట్టకుండానే వెళ్ళిపోయాడు.

ఆఫీసులో మాత్రం పని తేలిగ్గానే తేలిపోయింది. తోడికోడలు కళ్ళద్దాలు తుడుచుకుంటూ చెప్పింది. యంత్రాన్ని ముట్టుకోవద్దన్నారట హెడ్డుగారు. ఇప్పుడు దాన్ని సరిచేస్తే ఏ తేదీకి ముందు ఎంత, తర్వాత ఎంత అని మళ్ళీ గందరగోళం. అది ఆ సెకను తేడాతోనే నడుస్తుంది, లెక్క కట్టేటప్పుడు ఒక సెకను కలుపుకుంటే సరిపోతుంది. ఈ యంత్రం ఉన్నంతకాలం, దీని లెక్కలు ఎవరు ఎక్కడ కూర్చుని తీసుకున్నా ఆ సెకను కలుపుకోవలసిందే.

నాకు ఇదేదో ఊరటగా తోచింది. గదిలోకి వెళ్ళి అత్తగారి కాళ్ళ దగ్గర కూర్చుని, వీలైనంత మెత్తగా చెప్పాను. మరిది పెట్టిన సెకనుని ఎవరూ చెరపలేదనీ, ప్రపంచంలో ఎవరు చంటిదాని లెక్క తీసినా ముందు అతని సెకను కలపాలనీ.

అత్తగారు మొత్తం విన్నారు.

"తప్పుగానా?"

ఇరవై ఏళ్ళుగా ఉప్పు సరిపోయిందని చెబుతున్న నోరు. ఆ పూట అబద్ధానికి పెగల్లేదు.

"అవునత్తయ్యా. తప్పుగానే."

"ఊఁ" అన్నారు. "పోనీలే. వెళ్ళి దాన్ని పిలు."

తోడికోడలు తడిచేతులు కొంగుకి తుడుచుకుంటూ వచ్చి మంచానికి కాస్త దూరంలో నిలబడింది. ఆ గదిలోకి రావడం అన్నాళ్ళలో అదే మొదలు. అత్తగారు గోడవైపు నుంచి తిరగలేదు.

"అది నిజంగా ఎప్పుడైనా తుళ్ళిపడుతుందా?"

"పడొచ్చు. చిన్నది కదా."

"ఎప్పుడు?"

"రేపే కావచ్చు. ఇరవై ఏళ్ళకి కావచ్చు. చెప్పలేమత్తయ్యా."

"పడితే దానికీ వాడికీ ఏమీ ఉండదు."

"ఉండదత్తయ్యా."

అత్తగారు దుప్పటి మెడదాకా లాక్కున్నారు. ఇక పడుకుంటారనుకుని మేమిద్దరం వెనక్కి తిరిగాం.

"చిన్నమ్మాయ్."

"ఆఁ."

"పడితే చెప్పు. ముందు ఆ పెద్దాయన్ని చూసి చెప్పు." గోడవైపే చూస్తూ, "నేను లేకపోతే పెద్దదానికి చెప్పు. అదెక్కడికీ పోదు" అన్నారు.

తోడికోడలు సరేనంది. నేనూ సరేనన్నాను, నన్నెవరూ అడగకపోయినా. పొయ్యి మీద ఏదో మాడుతున్న వాసన వస్తే వంటింట్లోకి వెళ్ళాను. ఆ పూట కూడా అత్తగారు రెండు ముద్దలు తిని, చాలన్నారు.